కాస్టిక్ తొట్టి, నాన్న నాలిక

ఇంటర్ పిల్లలకు ద్రావణాల పాఠం మొదలుపెట్టే రోజున నేను మూడు బీకర్లు బల్ల మీద పెడతాను. ఒకదాంట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో ఉప్పు నీళ్ళు, మూడోదాంట్లో కాస్టిక్ సోడా కరిగించిన నీళ్ళు. ఏది ఏదో చెప్పమంటాను. ముందు బెంచీవాళ్ళు కళ్ళు చికిలించి చూస్తారు. ఒకరిద్దరు వాసన చూస్తామంటారు. వెనక నుంచి ఎవడో ఒకడు, "రుచి చూస్తే తెలిసిపోద్ది మేడమ్" అంటాడు. క్లాసంతా నవ్వుతుంది. ఇదివరకు నేనూ నవ్వేదాన్ని. రెండేళ్ళుగా ఆ మాట వినపడితే బోర్డు వైపు తిరిగి తేదీ మళ్ళీ రాస్తున్నాను.

మా నాన్న మంగళగిరిలో నూలుకు రంగులు అద్దేవాడు. మగ్గం మా తాతతోనే ఆగిపోయింది. నాన్నకు మగ్గం కన్నా రంగు బాగా అబ్బింది. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో కట్టెల పొయ్యి మీద పెద్ద రాగి గంగాళం, గోడవారగా సిమెంటు తొట్టి, దండేల మీద నీళ్ళోడుతూ వేలాడే నూలు చిలపలు, అంటే చుట్టి కట్టిన పోగుల కట్టలు. మా చిన్నప్పటి ఆటలన్నీ ఆ షెడ్డు బయటే. లోపలికి అడుగు పెడితే వీపు పగిలేది. ముఖ్యంగా ఆ తొట్టి దగ్గరికి.

తొట్టి నిండా నీళ్ళు పోసి, నాన్న విజయవాడ వన్ టౌన్ నుంచి తెచ్చిన కాస్టిక్ పలుకుల్ని అందులో కొద్దికొద్దిగా జారవిడిచేవాడు. కింద నిప్పు ఉండేది కాదు. అయినా కాసేపటికి తొట్టిలోంచి ఆవిరి లేచేది. నీళ్ళు చిన్నగా బుసకొట్టి, తర్వాత ఏమీ ఎరగనట్టు ఊరుకునేవి. పలుకులు మాయమైపోయి అడుగు గచ్చు తేటగా కనిపించేది. ఆ తేటదనం చూస్తే నాకు భయం వేసేది. మురికి నీళ్ళకు ఎవరైనా దూరంగా ఉంటారు. ఇవి చూస్తే దోసిలి పట్టాలనిపించేట్టుండేవి.

గంగాళంలో వేడినీళ్ళు, రంగు పొడి, తొట్టిలోంచి ముంచిన కాస్టిక్ నీళ్ళు, ఆపైన హైడ్రోస్ అనే తెల్లటి పొడి. అంతా కలిశాక నీలం రంగు కాస్తా పసుపు పచ్చగా మారిపోయేది. చిలపల్ని అందులో ముంచి పైకి తీసి గాలికి పడితే, మేం చూస్తుండగానే ఆకుపచ్చ తిరిగి, ఆ తర్వాత నీలమయ్యేది. గాలిలో ఉన్న ఆక్సిజన్ చేసే పని అది అని ఇంటర్ చదువుతుండగా తెలిసింది. అప్పటిదాకా అది నాన్న చేసే పనే అనుకున్నాను.

ఆ పనికంతటికీ ప్రాణం కాస్టిక్ పాళ్ళు. తక్కువైతే రంగు సరిగ్గా కరగదు, నూలుకు పట్టదు. ఎక్కువైతే నూలు బిరుసెక్కి మగ్గం మీద పోగులు తెగుతాయి. ఆ పాళ్ళు తేల్చడానికి నాన్న దగ్గర తూకం లేదు, కాగితం లేదు. చిటికెనవేలు తొట్టిలో ముంచి, నాలిక కొసకు అలా తాకించి, కళ్ళు మూసుకుని, తుపుక్కున ఉమ్మేవాడు. "ఇంకో అర డబ్బా." లేదా "చాలు." అంతే. వీధి వీధంతా ఆ మాట మీద నడిచేది. పక్క షెడ్ల వాళ్ళు స్టీలు గ్లాసుల్లో తమ కాస్టిక్ నీళ్ళు పట్టుకొచ్చి, "ఒక్కసారి చూడండి" అని నిలబడేవాళ్ళు. నాన్న కాసేపు బెట్టు చేసి చూసేవాడు. ఆ బెట్టు చూడటానికి నాకు భలే సరదాగా ఉండేది.

డిగ్రీలో చేరాక నేను నోరు ఊరుకోక ఆయనతో వాదనలు పెట్టుకున్నాను. కాస్టిక్ చేతికి జారుడుగా తగులుతుందంటే, మన చర్మంలో ఉన్న కొవ్వు సబ్బుగా మారుతోందన్న మాట అని చెప్పాను. "అయితే సబ్బు ఖర్చు మిగిలిందిలే" అన్నాడు నాన్న. అమ్మ కూడా నవ్వింది. తర్వాత ఎప్పుడో పింఛను మిషను మీద వేలు పెడితే ముద్ర పడలేదు. పది వేళ్ళూ పెట్టించారు. ఒక్కదాని మీదా గీతలు లేవు. చివరికి కంటిపాప చూసి ఇచ్చారు. ఇంటికొచ్చి అది కూడా నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వేళ్ళను అంత నున్నగా చేసింది నాలికను మాత్రం ఎలా వదిలిపెడుతుంది అనిపించింది. అనిపించిందే గాని అడగలేదు.

విజయవాడలో ఉద్యోగం వచ్చాక గుణదలలో ఒక గది తీసుకున్నాను. ఆదివారం ఆదివారం మంగళగిరి వెళ్ళేదాన్ని. మా మంగళగిరి ఇంట్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. అందుకని నేను వస్తూ కాలేజీ ఫిల్టరు దగ్గర పట్టిన నీళ్ళ బాటిల్ తెచ్చుకునేదాన్ని. నాన్న నన్ను పలకరించడానికి ముందే ఆ బాటిల్ లాక్కునేవాడు. మా ఇంట్లో ఎవరూ బాటిల్‌కు మూతి తగిలించి తాగరు. తలెత్తి, ఎత్తి పట్టుకుని, ధారగా గొంతులో పోసుకోవడమే. సగం బాటిల్ అలా పోసుకుని, "కృష్ణ నీళ్ళు కృష్ణ నీళ్ళేనమ్మాయ్, ఎంత తియ్యగుంటాయో" అనేవాడు. ప్రతి ఆదివారం అదే మాట.

రెండేళ్ళ కిందటి ఎండాకాలంలో ఒక వారం నాకు నీరసంగా ఉండి, బాటిల్లో ఉప్పు వేసి రెండు నిమ్మకాయలు పిండుకున్నాను. పంచదార వెయ్యలేదు. ఇంటికి చేరేసరికి ఇంకా సగం ఉంది. నాన్న ఎప్పట్లాగే లాక్కుని ఎత్తి పోసుకున్నాడు. నేను నవ్వు ఆపుకుంటూ ఆయన మొహం వైపు చూస్తున్నాను, ఇప్పుడు మొహం చిట్లిస్తాడని. చిట్లించలేదు. మూతి తుడుచుకుని, "ఎంత తియ్యగుంటాయో" అన్నాడు.

నా నవ్వు అక్కడే చచ్చింది. అమ్మ వంటింట్లో ఉంది. నాన్న షెడ్డులోకి వెళ్ళిపోయాడు. నేను బాటిల్ వాసన చూశాను. నిమ్మకాయ వాసన గుప్పుమంటోంది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర చూశాను. అమ్మ గోంగూర వడ్డించింది. నాన్న ముందు అమ్మ మొహం చూశాడు, ఆమె తిని "పులుపు బానే పడింది" అన్న తర్వాత, "అవును, బానే పడింది" అన్నాడు. ఎంతకాలం నుంచి ఇలా నెట్టుకొస్తున్నాడో నాకు తెలియదు. ఆ సాయంత్రమే పక్క షెడ్డు నుంచి గ్లాసు వచ్చింది. నాన్న వేలు ముంచి, నాలికకు తాకించి, కళ్ళు మూసుకుని, "ఇంకో డబ్బా పడుద్ది" అన్నాడు. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. తెలియనప్పుడు తక్కువ చెప్పి రంగు పట్టలేదనిపించుకోవడం కన్నా ఎక్కువ చెప్పడమే నయమని ఆయన లెక్క అయి ఉండాలి.

అదే నెలలో నూలు ఇచ్చే షావుకారు వచ్చాడు. పోగులు తెగుతున్నాయని నేతవాళ్ళు గోల పెడుతున్నారట. ఒక చిలప విప్పి, నాన్న ఎదుటే ఒక పోగు లాగాడు. అది పుటుక్కున తెగింది. "బోరు నీళ్ళు చెడిపోయినయ్యండీ ఈ ఏడు" అన్నాడు నాన్న. షావుకారు మర్యాదస్తుడు. "అంతేనేమో లెండి, చూసుకోండి" అని వెళ్ళిపోయాడు. కానీ పైవారం ఆయన పంపే మూట సగమైంది.

నేను నాన్నను నేరుగా అడగొచ్చు. అడగలేకపోయాను. నలభై ఏళ్ళుగా ఆ నాలిక మీద బతికిన మనిషిని నీ నాలిక పోయిందా అని ఎలా అడుగుతాను? అక్కడా లెక్చరర్ బుద్ధి పోనిచ్చుకోలేదు. నీళ్ళదో తొట్టిదో తప్పు తేల్చేస్తాననుకున్నాను. ఆయన ఖాళీ చేసిన నా బాటిల్లోనే, ఆయన చూడకుండా, తొట్టిలోంచి కాస్టిక్ నీళ్ళు నింపుకున్నాను. బాటిల్ గోరువెచ్చగా ఉంది. గుడ్డలో చుట్టి బ్యాగు అడుగున పెట్టుకుని బస్సెక్కాను. కృష్ణ మీద వారధి దాటుతుంటే పక్కనున్న పెద్దామె, "కాసిని మంచినీళ్ళుంటే ఇస్తావామ్మా" అని అడిగింది. నా దగ్గర నీళ్ళు లేవండీ అన్నాను. బ్యాగు జిప్పు మీద చెయ్యి పెట్టుకునే గుణదల దాకా వెళ్ళాను. అప్పుడే నాకు బుద్ధి రావాల్సింది.

లాబ్‌లో పిల్లలకు నేను చెప్పే మొదటి నియమం, ఏ ద్రావణమైనా బాటిల్లో పోసిన మరుక్షణం పేరు రాసి అంటించాలని. అంటించనివాడికి నేను రికార్డు మీద సంతకం పెట్టను, ఒకసారి ఒకమ్మాయిని ఏడిపించాను కూడా. నా బాటిల్ మీద మాత్రం ఏమీ రాయలేదు. మరిచిపోయి కాదు. అవసరం అనిపించలేదు. వేలికి తగిలితే జారుడు తెలుస్తుంది, ఊపితే నురగ తెలుస్తుంది, ఇందులో రాసేదేముంది అనుకున్నాను. మా షెడ్డులో ఏ డబ్బా మీదా ఏమీ రాసి ఉండదు. ఆ ఇంట్లో పుట్టినదాన్ని గనక నాకూ అదే పొగరు.

సోమవారం పిల్లలు వెళ్ళాక తలుపు దగ్గరకు వేసి, గాఢత తేల్చే టైట్రేషన్ చేశాను. కోనికల్ ఫ్లాస్కులో నాన్న కాస్టిక్ నీళ్ళు కొలిచి పోసి, రెండు చుక్కలు సూచిక వేస్తే చిక్కటి గులాబీ రంగు వచ్చింది. బ్యూరెట్‌లోంచి ఆక్సాలిక్ ఆమ్లం చుక్క చుక్కగా వదులుతున్నాను. మామూలుగా అయిపోవాల్సిన గీత దాటింది. రంగు కదల్లేదు. బ్యూరెట్ ఖాళీ అయింది. మళ్ళీ నింపాను. రెండోసారీ చాలా దిగాకే రంగు పోయింది. రంగు కంపెనీవాళ్ళు చెప్పే పాళ్ళకు దాదాపు మూడు రెట్లు ఉంది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే. నాన్న ప్రతి వారం ఇంకా ఇంకా వేసుకుంటూ పోతున్నాడు. రుచి తగలని కొద్దీ వేస్తున్నాడు.

మిగిలిన అర బాటిల్ అలమరాలో దాచి, ఆదివారం సూచిక చుక్కల సీసాతో సహా తీసుకెళ్ళాను. ఆయన ఎదుటే చేసి చూపిద్దామని, గులాబీ రంగు కళ్ళారా చూస్తే వాదించడని నా ఆశ. తప్పు నాలికది కాదు, ఇంత పనికి నాలిక చాలదు, ఇకపై వారం వారం నేను కొలిచి చెప్తాను అని చెప్దామనుకున్నాను. బస్సులో ఆ మాటలే వల్లె వేసుకున్నాను.

ఇంటికి చేరేసరికి పన్నెండు దాటింది. నాన్న షెడ్డులో చిలపలు పిండుతున్నాడు. నేను వరండాలో బ్యాగు దించి, బాటిల్ తీసి కిటికీ గట్టు మీద పెట్టి, గాజు గ్లాసు కోసం లోపలికి వెళ్ళాను. గాజు గ్లాసులు అలమరా పై అరలో ఉన్నాయి. స్టూలు జరుపుకుని ఎక్కి తీశాను. కడిగాను. తుడిచాను కూడా. తడి ఉంటే పాళ్ళు మారతాయని.

బయటికొచ్చేసరికి నాన్న తలెత్తి ఉన్నాడు. బాటిల్ పైన ఉంది. ధార గొంతులోకి పడుతోంది.

నేను అరిచానని అమ్మ అంటుంది. నాకు గుర్తు లేదు. గ్లాసు పగిలిన చప్పుడు మాత్రం గుర్తుంది. రెండు గుక్కలు వెళ్ళాయి. మామూలు మనిషైతే నాలిక మీద మొదటి చుక్క పడగానే ఊసేసేవాడు. నాన్న రెండో గుక్క మింగి, బాటిల్ దించి, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు నిలబడ్డాడు. అప్పుడు గొంతు పట్టుకున్నాడు.

అమ్మ షెడ్డులోకి పరిగెత్తింది. అద్దకం చేసే ప్రతి ఇంట్లో తొట్టి పక్కన చింతపండు పిసికిన నీళ్ళు ఒక కుండలో ఉంటాయి. కాస్టిక్ ఒంటి మీద చిందితే అవే పోస్తారు, చేతులు అందులోనే కడుగుతారు. జారుడు పోతుంది. మా నాయనమ్మ కాలం నుంచీ అంతే. అమ్మ ఆ నీళ్ళు చెంబుతో ముంచుకొచ్చి నాన్న నోటి దగ్గర పెట్టింది.

"వద్దు" అన్నాను. చెంబు పట్టుకున్నాను.

"వదలవే! కాస్టిక్ విరిగిపోవాలిగా!"

"అమ్మా, లోపల కాగుద్దే. రెండూ కలిస్తే వేడి పుడుద్ది. ఇంకా కాలిపోద్ది. తాగించకు."

"నీ చదువు తగలెయ్య, మనిషి పోతుంటే పాఠాలా! వదులు!"

ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు. ఏడాదికి ఎన్నిసార్లు బోర్డు మీద రాస్తానో. చివర్న "వేడి" అని కూడా రాయమంటే పిల్లలు వదిలేస్తారు, ఒక మార్కేగా అంటారు. అమ్మ బలం నా బలం కన్నా ఎక్కువ. చెంబు ఆమె వైపే వెళ్ళిపోతోంది. నాన్న కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, నోరు తెరుచుకుని ఉంది. తాగుదామనే ఆయన కూడా మెడ ముందుకు చాచాడు. నేను మోచేత్తో కొట్టి చెంబు పడగొట్టాను. చింతపండు నీళ్ళు వరండా అంతా పారాయి. అమ్మ నా చెంప మీద కొట్టింది. నేను నాన్న నోరు మామూలు నీళ్ళతో పుక్కిలింపజేసి, ఎదురింటివాళ్ళ ఆటోలో కూర్చోబెట్టాను. తాడేపల్లి దాటేదాకా అమ్మ నన్ను తిడుతూనే ఉంది. వారధి ఎక్కాక తిట్టడం ఆపి ఏడవడం మొదలుపెట్టింది. నాకు తిట్లే నయమనిపించింది.

విజయవాడ ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరు. ఏం తాగారు, ఎంత తాగారు అని అడిగాడు. కాస్టిక్ సోడా, రెండు గుక్కలు, లీటరుకు ఇన్ని గ్రాములు అని చెప్పాను. ఆయన రాస్తున్నవాడల్లా తలెత్తాడు. "ఇంత కరెక్టుగా ఎలా తెలుసండీ?"

"కెమిస్ట్రీ లెక్చరర్నండీ" అన్నాను. అక్కడితో ఆగిపోయాను. ఇంకో వాక్యం చెప్పాల్సింది.

పులుపు ఏమైనా పట్టించారా అని కూడా అడిగాడు. లేదన్నాను. "మంచి పని చేశారు" అన్నాడు. అమ్మ ఆ మాట విని నా వైపు చూసి తల దించుకుంది. ఆ మెప్పు నాకు ముల్లులా గుచ్చుకుంది. 

విషం కేసు గనక సాయంత్రం కానిస్టేబుల్ వచ్చాడు. కావాలని తాగాడేమోనని వాళ్ళ అనుమానం. పని తగ్గిందటగా, అప్పులేమైనా ఉన్నాయా, ఇంట్లో గొడవలా అని అమ్మను అడుగుతున్నాడు. అమ్మ లేదు లేదని తల అడ్డంగా ఊపుతోంది. నేను లేచాను. బాటిల్ నాదండీ అనడానికి నోరు తెరిచాను. అంతలో మంచం మీద నుంచి నాన్న చెయ్యి ఊపాడు. గొంతులోంచి గాలి తప్ప రావడం లేదు. కానిస్టేబుల్ వంగి చెవి పెట్టాడు.

"అద్దకం పనండీ మాది. నాలిక మీదేసి చూస్తాం. కాస్త ఎక్కువ పడింది."

"బాటిల్లో పోసుకునా, పెద్దాయనా?"

"అట్టాగే చూస్తామండీ."

కానిస్టేబుల్ రాసుకున్నాడు. వృత్తి అలవాటు ప్రకారం రుచి చూడబోయి పొరపాటున మింగినట్టు. సంతకం పెట్టడానికి నాన్న చేతికి పెన్ను ఇచ్చాడు. సాక్షి సంతకం నన్ను పెట్టమన్నాడు. పెట్టాను. నా జీవితంలో నేను చేసిన సంతకాల్లో నాకు అసహ్యం కలిగేది అదొక్కటే.

బతికాడు. అది ముందు చెప్పాలి. మూడు వారాలు ముక్కులోంచి గొట్టం, ఆ తర్వాత పలచటి జావ. అన్నవాహిక కాలిన చోట ముడుచుకుపోతోందని, ఆరేడు వారాలకోసారి గొట్టం వేసి వెడల్పు చెయ్యాలని అన్నారు. ఇంటికొచ్చాక అమ్మ ఆయన్ను రోజూ సాధించేది. "ఈ వయసులో బాటిల్లో పోసుకుని రుచి చూడటమేందండీ, బుద్ధుండక్కర్లా?" నాన్న గోడ వైపు తిరిగి పడుకుని వినేవాడు. నేను రెండు ఆదివారాలు భరించాను. మూడో ఆదివారం అమ్మ కూరగాయలకు వెళ్ళినప్పుడు మంచం పక్కన కూర్చున్నాను.

"నాన్నా, అమ్మకు చెప్పేస్తాను. బాటిల్ నాదేనని. నావల్ల కావట్లా."

ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. అప్పటికి గొంతు బొంగురుగా వస్తోంది.

"చెప్తే ఏమవుద్ది? బాటిల్ ఎవరిదైతే ఏంది, నోట్లో పడగానే తెలీలేదా అంటారు. అప్పుడేం చెప్తావ్?"

నేను ఆయన వైపు చూశాను. ఆయన నాలిక సంగతి నాకు తెలుసని ఆయనకు ఎప్పటి నుంచి తెలుసో.

"రుచి చూడబోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడనుకుంటన్నారు. అనుకోనీ. నాలిక పోయిన ముసలాడు నీళ్ళనుకుని తాగాడనుకుంటే, ఇంక నేనెందుకమ్మా?"

నన్ను కాపాడటానికే అబద్ధం ఆడాడని అప్పటిదాకా నేను కుమిలిపోతున్నాను. ఆయన కాపాడుకున్నది నన్ను కాదు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. సరేనన్నాను. చెప్పనని చేతిలో చెయ్యి వేశాను.

ఆ మాట నెల నిలబడింది. వీధిలో నాన్న పేరు నిజంగానే పెరిగింది. పనికోసం ప్రాణం ఒడ్డిన మనిషని చెప్పుకున్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం వెనక వీధి అతను వచ్చాడు. వయసులో నాకన్నా పెద్ద, నాన్న దగ్గరే పని నేర్చుకుని సొంతంగా షెడ్డు పెట్టుకున్నవాడు. చేతిలో స్టీలు గ్లాసు.

"బాబాయ్, కొత్త సరుకు తెచ్చా. తేలికో గట్టో అంతుబట్టట్లా. నువ్వు నోట్లో పెట్టుకోవద్దులే, ఊరికే వేలితో చూసి చెప్పు చాలు."

అమ్మ వద్దని గొణిగింది. నాన్న లేచి కూర్చున్నాడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన వెన్ను నిటారుగా నిలబడటం చూశాను. కాసేపు బెట్టు చేశాడు కూడా. చిటికెనవేలు ముంచాడు. వద్దన్నా వినకుండా నాలిక కొసకు తాకించాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకో డబ్బా పడుద్ది."

గ్లాసు నా చేతుల మీదుగా వెనక్కి వెళ్తుంటే అంచు నుంచి కారిన చుక్క నా వేళ్ళ మీద పడింది. వేళ్ళ మధ్య రాశాను. జారుడు ఆగడం లేదు. అందులో ఇప్పటికే చాలినదానికన్నా ఎక్కువ ఉంది. దాని మీద ఇంకో డబ్బా. ఆ ఇంట్లో తొట్టిలో చేతులు మోచేతుల దాకా ముంచేది అతని భార్య. చిలపలు దులిపితే చుక్కలు ఎగిరేది ఆమె కళ్ళలోకి. నాన్న నా మొహం చూస్తున్నాడు. చేతిలో చెయ్యి వేసిన సంగతి ఆయన కళ్ళు గుర్తు చేస్తున్నాయి.

అతను సందు మలుపు తిరుగుతుండగా అందుకున్నాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

"అన్నయ్యా, వెయ్యొద్దు. నాన్నకు రుచి తెలియట్లా. చాలాకాలమైంది. ఆ రోజు తాగింది కూడా చూద్దామని కాదు. నేను పెట్టిన బాటిల్ అది, మంచినీళ్ళనుకున్నాడు."

అతను నన్నూ, గ్లాసునూ మార్చి మార్చి చూశాడు. "నిరుటి నుంచీ బాబాయ్ చెప్పినట్టే వేస్తన్నానమ్మా" అన్నాడు మెల్లగా. వాళ్ళావిడ చేతులు ఎందుకలా పగులుతున్నాయో తనకు ఇప్పుడు అర్థమైందన్నాడు. గ్లాసు కాలవలో ఒంపేశాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండు.

పొద్దుగూకేలోపు వీధంతా తెలిసింది. అమ్మకూ తెలిసింది. "బాటిల్ నీదా?" అని ఒక్కసారి అడిగింది. అవునన్నాను. వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. షావుకారు మనిషి వచ్చి మిగిలిన మూటలు మర్యాదగా తీసుకెళ్ళాడు. ఆ తర్వాత మా గుమ్మంలోకి గ్లాసు పట్టుకుని ఎవరూ రాలేదు. వెనక వీధి ఆమె చేతులు నయమవుతున్నాయని విన్నాను. నేను చేసింది సరైనదేనని నాకు తెలుసు. మళ్ళీ ఆ సందు మలుపులో నిలబెడితే మళ్ళీ చెప్తాను. అయినా ఆదివారం బస్సు వారధి ఎక్కుతుంటే ఈసారి దిగిపోయి వెనక్కి వెళ్దామా అనిపిస్తుంది.

పోయిన నెల గొట్టం వేయించడానికి నాన్నను తీసుకెళ్ళాను. అయిపోయాక డాక్టరు ఆయన్ను మాట్లాడమన్నాడు. "బానే ఉందండీ, జావ దిగుతోంది, మొన్న మెత్తటి ఇడ్లీ కూడా తిన్నా" అన్నాడు నాన్న, స్పష్టంగా, పాత గొంతుతో. నర్సుతో ఎండల గురించి మాట్లాడాడు. బస్సులో పక్కనున్న ఆయనతో మంగళగిరి దాకా కబుర్లు చెప్పాడు. నేను వెనక సీట్లో మందుల కవరు పట్టుకుని కూర్చున్నాను. గొంతు పూర్తిగా వచ్చేసిందని, ఇక ఇబ్బంది లేదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. థాంక్సండీ అన్నాను. సందు మలుపు దగ్గరి నుంచి నేను తిరిగొచ్చిన ఆ ఆదివారం నుంచి నాన్న నాతో ఒక్క మాట మాట్లాడలేదు.